నిమిషానికి ముప్పై మాటలు

మా అమ్మ చదువు పరీక్ష తప్పింది. 1993లో, సికింద్రాబాద్ అడ్డగుట్టలో, మా బస్తీ రాత్రిబడిలో.

జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలైంది. పదిహేను నుంచి ముప్పై అయిదేండ్ల వాళ్లకు మూడు వాచకాలు, దాదాపు 200 గంటల చదువు. చదువొచ్చిందా లేదా తేల్చడానికి కొలతలు కూడా పెట్టిండ్రు. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలె, 7 మాటలు చూసి రాయాలె, చెప్తుంటే 5 మాటలు రాయాలె, నూరు దాకా అంకెలు రావాలె. పొద్దున నాలుగింటికి లేచి రోడ్లూడ్చిన కండ్లు రాత్రి ఎనిమిదింటికి నిమిషానికి ఎన్ని మాటలు చదువుతయో ఆ కొలత పెట్టినోళ్లకు తట్టినట్టు లేదు. అమ్మ ఇరవై దాకా వచ్చి ఆగిపోయింది. తప్పినోళ్ల పట్టీలో తన పేరు పక్కన తనే సంతకం పెట్టింది.

తర్వాతి నెల జీతం రోజు వేలిముద్ర వెయ్యబోతూ హాజరీ కాయితం చూసింది. ఇరవై రెండు అని ఉంది. ఇంట్లో క్యాలెండరు మీద తను గీసుకున్న గీతలు ఇరవై ఆరు.

"సారూ, నాలుగు దినాలు తక్కువ రాసిండ్రు."

"నీకెవరు చెప్పిన్రే?"

"ఎవ్వలు జెప్పలే. నేనే సదివిన."

నాలుగు రోజుల పైసలు వచ్చినయ్. పక్కనున్న ఆడోళ్లవి కూడా అమ్మనే చూసింది. ఒక్కొక్కరికి రెండు, మూడు రోజులు తక్కువే. రెండు నెలలు గడవక ముందే కాంట్రాక్టరు అమ్మను పనిలోంచి తీసేసిండు. అయిదు నెలలు ఇండ్లల్ల బాసండ్లు తోమింది.

ఆ మధ్యలోనే సర్వే వాళ్లొచ్చిండ్రు. చదువుకోక ముందు ఆదాయమెంత, తర్వాత ఎంత? నేనప్పుడు పదో తరగతి. అమ్మ చెప్తుంటే గళ్లు నింపింది నేనే. తగ్గింది అని రాసిన. అబద్ధం కాదు. కానీ మిగతా ఆడోళ్ల హాజరీ ఆనాటి నుంచి సక్కగ పడుతుండె. దానికి ఆ ఫారంలో గడి లేదు. ఒకామె చదువుకుంటే పదిమందికి కూలి దక్కి, ఆమెకు మాత్రం పని పోతే, లాభమెవరి ఖాతాలో, నష్టమెవరి ఖాతాలో రాయాలె?

నెల్లూరు సంగతీ అంతే. 1992లో దూబగుంట ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, సారా దుకాణం మీదికి పోయిండ్రు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్లల్ల నిమిషానికి ముప్పై మాటలు చదివినోళ్లెందరో గానీ, సర్కారు ఖజానాకు మాత్రం ఆ చదువు బాగానే తెలిసొచ్చింది.

మాకు చదువు సర్కారు దయతో మొదలు కాలేదు. భాగ్యరెడ్డి వర్మ 1910లోనే ఇసామియా బజారులో మా పిల్లలకు తెలుగు బడి పెట్టిండు. ఎనభై ఏండ్ల తర్వాత, 1991 జనాభా లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 32.72. దళిత ఆడవాళ్లు 20.92. ఈ రెండంకెల నడుమ ఉన్న ఎడం మా వాడ.

అమ్మను పనిలోంచి తీసేసినంక రాత్రిబడికి ఇంకెవరూ రారనుకున్నం. వారం తిరక్క ముందే ఆ ఊడ్చే ఆడోళ్లు అయిదుగురు వచ్చి గడపల కూసున్నరు.

"అఆలు తర్వాత జూద్దాం బిడ్డా, ముందుగాల ముప్పై ఒకటి దాకా అంకెలు నేర్పు" అన్నరు.