మాణ్‌దేశీ ఫౌండేషన్

గ్రామీణ మహిళలకు వృత్తి శిక్షణ ఇచ్చి, చిరువ్యాపారాలకు అండగా నిలిచే లాభాపేక్ష లేని సంస్థ. మహారాష్ట్రలోని సాతారా జిల్లా మ్హస్వడ్ దీని కేంద్రం. స్థాపకురాలు చేతనా గాలా సిన్హా.

నేపథ్యం: మాణ్ తాలూకా కరువు ప్రాంతం. అక్కడి మహిళలు సొంత బ్యాంకు కోసం పెట్టుకున్న తొలి దరఖాస్తును, సభ్యుల్లో చాలామందికి చదువు రాదన్న కారణంతో రిజర్వు బ్యాంకు తిరస్కరించింది. వారు పట్టుదలగా అక్షరాలు నేర్చుకున్నారు. వడ్డీ లెక్కలు తమకు బాగా వచ్చని అధికారుల ఎదుటే నిరూపించారు. 1997లో మాణ్‌దేశీ మహిళా సహకార బ్యాంకు మొదలైంది.

శిక్షణ: అప్పు ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు, ధర కట్టడం, పద్దు రాయడం, సరుకు అమ్మడం కూడా తెలియాలి. అందుకే 2006లో సంస్థ గ్రామీణ మహిళల కోసం వ్యాపార పాఠశాల నెలకొల్పింది. కేంద్రానికి రాలేనివారి కోసం, తరగతి గదిగా మార్చిన బస్సు ఊళ్లకే వెళుతుంది.