సంధిలో లోపించిన ఊరు: ఫిట్జ్‌రాయ్, 1996



ముప్ఫై నాలుగేళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. బంతాటతో నీకేమి పని అని మీరు అడగవచ్చును. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు పొరుగింటి వృద్ధ దంపతులతో స్నేహం కుదిరింది. చలిగా ఉన్న సాయంత్రాలలో ఆ పెద్దమనిషి ఎరుపు, నీలం, బంగారు రంగుల పాత మఫ్లరు ఒకటి మెడకు చుట్టుకొని వచ్చేవాడు. అది ఏ జట్టుదని అడిగితే, ఆ జట్టు 1996లోనే పోయిందన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, పోలేదు, బ్రిస్బేన్‌లో ఉన్నదని సరిదిద్దింది. ఒకే ఇంట, ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు! ఆ చిక్కు విప్పుదామని మొదలుపెట్టిన చదువే ఈ టపా.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, కోడిగుడ్డు ఆకారపు మైదానం, పక్షానికి పద్ధెనిమిదిమంది. రెండు కొసలలోనూ నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్యనుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు, పక్కనుంచి పోతే ఒకటి. దీని నియమాలను మెల్‌బోర్న్‌లో 1859లో కాగితం మీద పెట్టారు.

ఫిట్జ్‌రాయ్ ఆ నగరం నడిబొడ్డుకు ఆనుకొని ఉన్న పేట. ఒకప్పుడు కర్మాగారాలూ కార్మికుల ఇళ్ళూ ఉన్న చోటు. 1883లో అక్కడ క్లబ్బు పుట్టింది. 1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియా లీగ్ మొదలైనప్పుడు ఆ ఎనిమిదింటిలో ఇదొకటి. మొదటి రోజున తమ సొంత బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానంలోనే కార్ల్‌టన్ మీద 49-16తో గెలిచింది. 1898 నుంచి 1944 వరకు ఎనిమిదిసార్లు విజేత అయింది. 1930లలో హేడన్ బంటన్ అనే ఆటగాడు లీగ్‌లో అత్యుత్తముడికిచ్చే పతకాన్ని మూడుసార్లు అందుకున్నాడు. ఒంటి రంగు కారణంగా వేరొకచోట ఆదరణ దొరకని ఆదివాసి యువకుడు డగ్ నికోల్స్ 1932లో ఈ క్లబ్బుకే వచ్చాడు. కొత్తలో ఒంటరిగా కూర్చున్న అతని పక్కకు వచ్చి కూర్చొని స్నేహం చేసినవాడు బంటనే అని చెబుతారు. ఆ నికోల్స్ 1976లో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి గవర్నరు అయ్యాడు.

ఓటమి కూడా ఈ క్లబ్బుకు కొత్త కాదు. యుద్ధకాలంలో, 1916లో, నాలుగు క్లబ్బులే ఆడాయి. ఆ నాలుగింటిలో ఆఖరున నిలిచిన ఫిట్జ్‌రాయే చివరి పోటీలలో నెగ్గి కప్పు తీసుకుంది. 1963లో ఏడాది మొత్తానికి ఒక్క ఆట గెలిచింది. అదీ ఆ ఏటి విజేత అయిన జీలాంగ్ మీద. 1964లో ఒక్కటీ గెలవలేదు. అయినా క్లబ్బు బ్రతికే ఉంది. కనుక ఓటములు దాన్ని చంపలేదని నా అభిప్రాయం.

మరి చంపినదేది? మొదట ఇల్లు పోయింది. 1966తో సొంత మైదానం వదలి, ముప్ఫై ఏళ్ళు అద్దె ఇళ్ళు మారే సంసారిలాగా పరాయి మైదానాలు తిరిగింది. ఈలోగా పేటల మధ్య ఆట దేశవ్యాప్త వ్యాపారమయింది. 1987లో పెర్త్, బ్రిస్బేన్ నగరాల జట్లు వచ్చాయి. 1990లో లీగ్ పేరే ఆస్ట్రేలియా లీగ్‌గా మారింది. ఆటగాళ్ళ జీతాలు పెరిగాయి. ఇల్లు లేనివాడికి అప్పే గతి. నౌరూ అనే చిన్న ద్వీపదేశపు బీమా సంస్థ అప్పిచ్చింది. ఫాస్ఫేట్ గనులతో ఒకనాడు సంపన్నమైన ఆ ద్వీపానికి కూడా ఈ ఆటంటే ప్రాణం.

1996 లీగ్‌కు నూరవ సీజన్. ఊరంతా శతవార్షికోత్సవం. ఆ ఉత్సవ సంవత్సరంలో ఫిట్జ్‌రాయ్ వరుసగా ఓడుతూ వచ్చింది. ఎనిమిదవ వారంలో, అద్దె మైదానమైన విటెన్ ఓవల్‌లో, ఫ్రీమాంటిల్ జట్టును ఓడించింది. అదే ఆ ఏటికి మొదటి గెలుపు. ఆ క్లబ్బు ఆ లీగ్‌లో గెలిచిన ఆఖరి ఆట కూడా.

జూన్ 28న అప్పిచ్చిన సంస్థ తన బాకీకోసం క్లబ్బును ఒక పాలనాధికారి చేతిలో పెట్టింది. బాకీ సుమారు పన్నెండున్నర లక్షల డాలర్లు. అప్పటికి నార్త్ మెల్‌బోర్న్‌తో కలిసిపోయే సంప్రదింపులు నడుస్తున్నాయి. కలిస్తే కనీసం అదే నగరంలో ఉండేవారు. కానీ నార్త్ మెల్‌బోర్న్ అప్పటికే బలమైన జట్టు. ఆ ఏటి కప్పు దానిదే. మరింత బలపడుతుందని తక్కిన క్లబ్బులకు భయం. జులై 4న లీగ్ బ్రిస్బేన్ బేర్స్‌తో విలీనాన్ని ఖాయం చేసింది. వారం తిరగకుండానే అంతా ముగిసింది. శిక్షకుడు మిక్ నూనన్ వెళ్ళిపోయాడు. మిగిలిన వారాలు అలన్ మెకానెల్ చూసుకున్నాడు.

తీర్పు వచ్చిన తరువాత కూడా ఆ కుర్రవాళ్ళు రెండు నెలలు ఆడవలసివచ్చింది. ఆగస్టు 25న మెల్‌బోర్న్‌లో చివరి ఆట, రిచ్‌మండ్‌తో. దాదాపు 49 వేలమంది వచ్చారు. 151 పాయింట్లతో ఓడారు. పొరుగింటి పెద్దమనిషి ఆనాడు అక్కడే ఉన్నాడట. లెక్క ఎప్పుడు చూడటం మానేశాడో తనకే గుర్తులేదన్నాడు. సెప్టెంబరు 1న ఖండానికి అవతలి కొసనున్న పెర్త్‌లో ఆఖరి ఆట. ఎదుటిపక్షం ఫ్రీమాంటిల్, ఆ ఏడు ఫిట్జ్‌రాయ్ ఓడించగలిగిన ఒకే ఒక్క జట్టు. 157-71. నూరు సీజన్ల చరిత్ర సొంతవాళ్ళు చాలామంది రాలేనంత దూరాన ముగిసింది.

ఇక్కడ ఒక పోలిక చెప్పక తప్పదు. అదే ఏడాది మెల్‌బోర్న్, హాథార్న్ క్లబ్బులు కలవాలని ప్రతిపాదన వచ్చింది. సభ్యులను అడిగారు. హాథార్న్ సభ్యులు వద్దన్నారు. విలీనం ఆగింది, ఆ హాథార్న్ 2008లోనూ, 2013 నుంచి వరుసగా మూడేళ్ళూ విజేత. అంతకుముందు 1989లో ఫుట్‌స్క్రేను ఫిట్జ్‌రాయ్‌తో కలపబోతే ఫుట్‌స్క్రే జనం చందాలు పోగుచేసి ఆపుకున్నారు. 1996లో ఫిట్జ్‌రాయ్ సభ్యులను మాత్రం ఎవరూ అడగలేదు. పగ్గాలు పాలనాధికారి చేతిలో ఉన్నాయి. నాకు కష్టమనిపించేది ఇదే. ఓడినందుకు కాదు, అడగనందుకు.

ఇక నా వ్యాకరణం. బ్రిస్బేన్ బేర్స్, ఫిట్జ్‌రాయ్ లయన్స్ కలిసి బ్రిస్బేన్ లయన్స్ అయ్యాయి. ఇది రెండు పదాలకూ ప్రాధాన్యమున్న ద్వంద్వ సమాసమని లీగ్ చెప్పింది. నాకు సంధిలాగా కనిపిస్తుంది. సంధి జరిగినచోట ఏదో ఒకటి లోపించక తప్పదు. బ్రిస్బేన్ వారి ఎలుగుబంటి పోయింది. ఫిట్జ్‌రాయ్ వారి సింహం నిలిచింది. పాటకు ఫ్రాన్సు జాతీయగీతపు బాణీ నిలిచింది. ఎనిమిదిమంది ఆటగాళ్ళు వెళ్ళారు. లోపించినది ఊరిపేరు. 2001, 2002, 2003లలోనూ, మళ్ళీ 2024, 2025లలోనూ ఆ సింహానికి కప్పులు వచ్చాయి. పొరుగింటావిడ ప్రతిసారీ సంబరపడింది. ఆయన పడలేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆమె సింహాన్ని ప్రేమించింది, ఆయన ఊరిని.

అప్పిచ్చిన నౌరూ కథ కూడా చెప్పాలి. ఫాస్ఫేట్ తరిగి, ఆ దేశమే అప్పులపాలయింది. మెల్‌బోర్న్‌లో తాను కట్టుకున్న యాభైరెండు అంతస్తుల భవనాన్ని 2004లో పోగొట్టుకుంది.

ఒక ఆదివారం మా అబ్బాయి నన్ను ఎడిన్‌బరో గార్డెన్స్‌కు తీసుకుపోయాడు. ఆ తోటలోనే పాత బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానం. 1888లో కట్టిన ప్రేక్షకుల మంటపం నేటికీ ఉంది. ఫిట్జ్‌రాయ్ క్లబ్బు చట్టరీత్యా అంతరించలేదు. 2009లో స్థానిక ఔత్సాహికుల జట్టుతో కలిసి, వేతనం లేని ఆటగాళ్ళతో, తిరిగి ఇదే మైదానానికి వచ్చింది. గడ్డి మీద పిల్లలు పరుగెడుతున్నారు. మంటపం మెట్లమీద కూర్చుంటే, నేను పదకొండేళ్ళు పాఠం చెప్పిన పల్లె బడి జ్ఞాపకం వచ్చింది. దానినీ పక్క ఊరి బడిలో విలీనం చేశారు. పిల్లలు తక్కువన్నారు. అది నిజమే. ఊరివారిని పిలిచి ఒక్కమాట అడిగి ఉంటే వారూ బహుశా ఒప్పుకొనేవారేమో. అడగలేదు. ఆ బడి పేరు ఇప్పుడు ఏ రిజిస్టరులోనూ లేదు.

ఫిట్జ్‌రాయ్ వారు లోపించిన పేరును పదమూడేళ్ళకు తిరిగి తెచ్చుకున్నారు. కప్పుల లెక్కలో దానికి చోటు లేకపోవచ్చును. నా లెక్కలో ఉన్నది.

సెలవు.