వంతెన ఎత్తు, బరువు పరిమితులు (నూజివీడు మామిడి రవాణా)

నూజివీడు బంగినపల్లి, చిన్నరసాలు చాలావరకు లారీల్లోనే దూరప్రాంతాలకు వెళ్తాయి. మామూలు సరుకు లారీ ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. కొలవాల్సింది రోడ్డు నుంచి పట్టా పైఅంచు దాకా, క్యాబిన్ దాకా కాదు. వంతెన కింద మళ్లీ తారు పోస్తే అసలు ఎత్తు వంతెన దగ్గరి బోర్డు మీద రాసినదాని కన్నా తగ్గినట్టే. సరుకు దించాక స్ప్రింగులు లేచి లారీ బాడీ కాస్త ఎత్తవుతుంది. వెళ్లేటప్పుడు తగలని వంతెన తిరిగొచ్చేటప్పుడు తగలవచ్చు. చాలామంది మరిచే విషయమిది.

బోర్డు మీది టన్నులంటే సరుకు ఒక్కటే కాదు, బండితో కలిపి. వెనక నాలుగు టైర్ల రెండు ఇరుసుల లారీకి 2018 నుంచి గరిష్ఠం 18.5 టన్నులు. పాత వంతెనలు అంతకూ ఓర్వలేకపోవచ్చు, అక్కడ బోర్డుదే తుది మాట. విజయవాడలో 1957 నాటి ప్రకాశం బ్యారేజీపైకి భారీ వాహనాలను అనుమతించరు. చెన్నై వైపు లోడ్లు కనకదుర్గ వారధి వంటి హైవే వంతెనల మీదుగానే కృష్ణా నది దాటాలి. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000.