గ్రౌండ్‌హాగ్‌కి తెలుగు చుట్టం ఎవరు?

ఫిబ్రవరి 2 వస్తే రెడ్‌మండ్ బడుల్లో చిన్న పిల్లలు ఒక బొద్దు జంతువు బొమ్మ గీసుకుని ఇంటికొస్తారు. అది కలుగులోంచి బయటికొచ్చి తన నీడ చూసుకుందంటే చలికాలం ఇంకో ఆరు వారాలుంటుందట. "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే మనం నీళ్ళు నమలాల్సిందే. దానికి తెలుగు పేరు లేదు. ఆ మాటకొస్తే రెడ్‌మండ్‌లో ఆ జంతువే లేదు. దాని చోటు ప్రధానంగా అమెరికా తూర్పు భాగం, కెనడా.

ఎపిసోడ్‌లో సమయం చాలక దాటేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

గ్రౌండ్‌హాగ్ ఉడుతల కుటుంబంలోది. ఎండాకాలమంతా గడ్డీ గాదమూ, తోటల్లో కూరగాయలూ మేసి కొవ్వు పట్టిస్తుంది. గింజలు దాచుకోదు, దాచుకునేదంతా ఒంట్లోనే. శరదృతువు చివర్లో కలుగులోకి దూరి నిద్రపోతే ఒంటి వేడి 37 డిగ్రీల నుంచి 5 డిగ్రీల దాకా దిగిపోతుంది. నిమిషానికి 80కి పైగా కొట్టుకునే గుండె ఐదారు, మహా అయితే పది సార్లు కొట్టుకుంటుంది. అప్పుడప్పుడూ లేచి, మళ్ళీ పడుకుంటుంది. ఫిబ్రవరి మొదట్లో మగవి నిజంగానే బయటికొస్తాయి, కానీ వాతావరణం కోసం కాదు. దగ్గర్లో ఆడవాటి కలుగులు ఎక్కడున్నాయో చూసుకుని, మళ్ళీ వెళ్ళి పడుకుంటాయి. పెళ్ళిచూపులన్నమాట! జత కట్టేది మార్చిలో.

మరి నీడ గొడవ ఎక్కడిది? అది జర్మన్ల నమ్మకం. క్రిస్మస్ తర్వాత నలభయ్యో రోజున వాళ్ళు బాడ్జర్ నీడ చూసేవాళ్ళు. పెన్సిల్వేనియాకి వలసొచ్చాక పొలాల్లో కనిపించిన గ్రౌండ్‌హాగ్‌కి ఆ పని అప్పగించారు. పండగ ఉండిపోయింది, జంతువు మారింది. పంక్సటానీ అనే చిన్న ఊరి పత్రికలో దీని గురించి మొదటిసారి 1886లో రాశారు. కొండ మీదికి ఊరేగింపు 1887లో మొదలైంది. జోస్యం మాత్రం సగం సార్లు కూడా నిజం కాదు.

అదే 1886లో లండన్‌లో 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు వచ్చింది. అందులో 'బాండికూట్' అనే ఇంగ్లీషు మాటకి మూలం తెలుగు అని రాసి ఉంది. మన పందికొక్కే! ఆ మాటని ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియా దాకా మోసుకెళ్ళి, అక్కడ కడుపు సంచిలో పిల్లల్ని మోసే వేరే జంతువుకి తగిలించారు. 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో గేమ్ ఆడినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆడుతున్నంతసేపూ నోట్లో ఉన్నది తెలుగు మాటే.

అక్కడ హాగ్, ఇక్కడ పంది. రెండూ నేల తవ్వేవే. కానీ చుట్టరికం పేరులోనే. పందికొక్కు ఎలుకల జాతి, చలికి నిద్రపోదు, ఏడాది పొడుగునా పిల్లల్ని పెడుతుంది. తరిమితే పందిలా గుర్రుమంటుంది. వరి కోతలప్పుడు కంకులు కొరికి గట్టు కింద గదుల్లో కిలోల కొద్దీ దాస్తుంది. కలుగు నోటికి వదులు మట్టి అడ్డం పెడుతుంది.

ఆ మట్టి చూసి కలుగు కనిపెట్టేవాళ్ళు యానాదులు. నెల్లూరు వైపు, కృష్ణా డెల్టాలో పొలం గట్ల మీద వాళ్ళ పని ఇది: కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊది, కొక్కుని పట్టి, దాచిన వడ్లు తవ్వి తీసుకోవడం. రైతుకి పంట దక్కేది, వాళ్ళకి మాంసం, గింజలు దక్కేవి. సొంత పొలం లేని ఇంటికి కొన్నాళ్ళ బియ్యం అలా వచ్చేది. మనం మాత్రం "పందికొక్కులా మేశాడు" అని నాయకుల్ని తిట్టడానికే ఆ పేరు వాడతాం. ఆ కలుగులోంచి అన్నం తిన్నవాళ్ళు ఉన్నారని మన చరిత్ర పుస్తకాలు రాసింది తక్కువే.

రెడ్‌మండ్ పిల్లలకి అసలు జంతువునే చూపించాలంటే దాని దగ్గర బంధువులు వాషింగ్టన్ కొండల్లోనే ఉన్నాయి. ఒలింపిక్ మార్మాట్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. సియాటిల్‌లో ఒక బడి పిల్లలు పట్టుబట్టాక 2009లో దాన్ని రాష్ట్ర జంతువుల్లో చేర్చారు. తోడేళ్ళని చంపేశాక ఆ కొండల్లోకి కయోటీలు వచ్చి వాటిని తినేస్తున్నాయి. ఏడాదిలో ఏడెనిమిది నెలలు నిద్రలోనే ఉంటాయి కాబట్టి ఫిబ్రవరిలో వెళ్తే దొరకవు. జులైలో హరికేన్ రిడ్జ్ దగ్గరో, రెయినియర్ కొండ మీద ప్యారడైజ్ దగ్గరో (అక్కడుండేది ఇంకో రకం మార్మాట్) కాసేపు కదలకుండా కూర్చోండి. ముందు ఈల వినిపిస్తుంది.