పైపులో పైపు: భూమి కింది పెట్రోలు కథ

ఇవాళ్టి ప్రసంగ విషయం మీకు కాస్త వింతగా తోచవచ్చు. కారులో పెట్రోలు పోయించుకునేటప్పుడు మన కళ్ళన్నీ పంపు మీద తిరిగే అంకెల మీదే ఉంటాయి. కాళ్ళ కింద ఏముందో ఎవరం ఆలోచించం. కాంక్రీటు కింద వేల గ్యాలన్ల ట్యాంకులు ఉంటాయి, వాటి నుంచి పంపుల దాకా పైపులు ఉంటాయి. ఆ పైపుల చుట్టూ మరో పైపు ఎందుకు వచ్చింది? దాని వెనక నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు నడిపే మనవాళ్ళు చాలామందే. కొనాలని చూస్తున్నవాళ్ళూ ఉన్నారు. మిగిలినవాళ్ళం ఆ చుట్టుపక్కల నీళ్ళు తాగేవాళ్ళం. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే కథే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ దేశంలో కార్లు పెరిగాయి, రోడ్లు పెరిగాయి, వాటితోపాటే పెట్రోలు బంకులూ పెరిగాయి. అప్పట్లో ట్యాంకులూ పైపులూ చాలావరకు మామూలు ఉక్కువే. తుప్పు పట్టకుండా ఏ రక్షణా లేకుండానే పాతిపెట్టేవారు. తడి మట్టిలో ఇనుము ఎన్నాళ్ళుంటుంది? కొన్నేళ్ళకి సూదిబెజ్జమంత చిల్లు పడుతుంది. చుక్కచుక్కగా కారేది పైకి కనబడదు. కనబడేసరికి అది ఎవరి బావిలోనో ఉంటుంది.

జనం మేలుకున్నది మొదట పెట్రోలు వల్ల కూడా కాదు. మనవాళ్ళు ఇప్పుడు వేల సంఖ్యలో ఉంటున్న శాన్ హోసే నగరంలోనే అది జరిగింది. 1981 చివర్లో అక్కడి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కర్మాగారం దగ్గర భూగర్భ ట్యాంకు నుంచి రసాయన ద్రావకాలు కారి తాగునీటి బావిని చేరాయని తెలిసింది. ఆ పేటలో గర్భస్రావాలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నాయని తరవాత రాష్ట్రం జరిపిన అధ్యయనంలో తేలింది. అయితే ఆ నీళ్ళే కారణమని మాత్రం రుజువు చేయలేకపోయారు. రుజువు సంగతి ఎలా ఉన్నా, తల్లుల భయం చట్టసభ దాకా వెళ్ళింది. 1983లో కాలిఫోర్నియా చట్టం చేసి, 1984 జనవరి 1 నుంచి కొత్తగా పాతే ట్యాంకులకు రెండో అంచె రక్షణ ఉండి తీరాలంది.

దేశం మొత్తం ఆ దారి పట్టడానికి ఇంకా సమయం పట్టింది. 1984లో కాంగ్రెస్ సవరణ చేసి భూగర్భ ట్యాంకులను పర్యావరణ సంస్థ, అంటే ఇ.పి.ఎ., అధీనంలోకి తెచ్చింది. 1986లో ఒక నిధి ఏర్పడింది. కారిన చోట శుభ్రం చేయడానికి గ్యాలనుకి సెంటులో పదో వంతు పన్ను వేశారు. మనం పోయించుకునే ప్రతి గ్యాలనులోనూ ఆ పన్ను ఈనాటికీ ఉంది. 1988లో అసలు నిబంధనలు వచ్చాయి. పాత ట్యాంకులను బాగుచేయడానికో తీసేయడానికో పదేళ్ళ గడువిచ్చారు. ఆ గడువు 1998 డిసెంబరు 22తో ముగిసింది. అప్పట్లో దేశంలో 20 లక్షలకు పైగా ట్యాంకులుండేవి. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 5 లక్షల పైచిలుకు. ఈలోగా నిర్ధారణ అయిన లీకులు 5 లక్షల 50 వేలు దాటాయి.

పరిశీలించి చూస్తే లీకుల్లో ట్యాంకుల కన్నా పైపుల వాటాయే ఎక్కువని బయటపడింది. ఆశ్చర్యమేమీ లేదు. ట్యాంకు ఒకే ముద్ద. పైపుకి అడుగడుగునా అతుకులుంటాయి. పైగా అది నేలకు దగ్గరగా, లారీలు తిరిగే చోట, ఒత్తిడి మీద పనిచేస్తుంది.

తుప్పుకి జవాబు ఫైబర్‌గ్లాస్. గాజు పోగులను ఎపాక్సీ జిగురులో తడిపి, కదురుకి నూలు చుట్టినట్టు అచ్చు చుట్టూ చుట్టి గట్టిపరుస్తారు. దానికి తుప్పన్నది లేదు. రెండంచెల పద్ధతిలో 2 అంగుళాల పైపు 3 అంగుళాల పైపులో ఉంటుంది. లోపలి పైపులో పెట్రోలు, రెండింటి మధ్యా ఖాళీ. పైపులను ఒకవైపుకి వాలుగా వేస్తారు. లోపలిది కారితే ఆ పెట్రోలు మట్టిలోకి పోకుండా ఖాళీలోంచి జారి చివరనున్న సంపులో పడుతుంది. మన ఊళ్ళో నీళ్ళకి సంపు కట్టుకుంటామే, అలాంటిదే. అందులోని సెన్సరు అలారం మోగిస్తుంది.

చెప్పడానికి తేలికే, చేయడానికి ఓపిక కావాలి. పైపు కొసను కోసి, గరుకు చేసి, చేత్తో ముట్టకుండా తుడిచి, రెండు భాగాల జిగురును సరైన పాళ్ళలో కలిపి అతకాలి. కలిపిన జిగురు కాసేపటికే గట్టిపడిపోతుంది. చలి రోజుల్లో అతుకు మీద వేడి దుప్పటి చుట్టి ఆరనివ్వాలి. లోపలి పైపుని గాలితో పరీక్షించి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు పోసి బుడగలు వస్తాయేమో చూశాకే బయటి పైపు అతుకులు మూయాలి. మూల మలుపుల దగ్గర బయటి అమరిక ముత్యపు చిప్పలా రెండు చెక్కలుగా వస్తుంది. వాటిని జిగురుతో కలిపి బోల్టులు బిగిస్తారు.

మరమ్మతులోనూ ఒక తేడా ఉంది. తుప్పుతో కారిన ఇనప పైపుని మార్చాల్సిందే, అతుకు వేయకూడదన్నాయి 1988 నిబంధనలు. ఫైబర్‌గ్లాస్‌ని తయారీదారు చెప్పిన పద్ధతిలో బాగుచేయవచ్చు. దెబ్బతిన్న ముక్క కోసి కొత్త ముక్క అతుకుతారు. కానీ పాత పైపు పెట్రోలులో నానింది కదా. ఆ తడి ఏమాత్రం మిగిలినా జిగురు పట్టదు. బాగుచేశాక 30 రోజుల్లోగా మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఇంత చేసినా కథ సుఖాంతం కాలేదు. 1996లో శాంటా మోనికా నగరం పెట్రోలులో కలిపే ఎం.టి.బి.ఇ. అనే రసాయనం చేరడంతో తన బావులు మూసుకుంది. ఊరికి కావలసిన నీళ్ళలో సగం దాకా పోయాయి. ఆ బావులు మళ్ళీ తెరవడానికి దాదాపు పధ్నాలుగేళ్ళు పట్టింది. 2015లో ఇ.పి.ఎ. నిబంధనలు మార్చి, 2016 ఏప్రిల్ 11 తరవాత పాతే ట్యాంకులకూ పైపులకూ రెండో అంచె తప్పనిసరి చేసింది. అదే 2016లో మరో సంగతి బయటపడింది. 42 డీజిల్ ట్యాంకులు పరిశీలిస్తే 35 ట్యాంకుల లోపలి లోహ భాగాలకు చెప్పుకోదగ్గ తుప్పు కనిపించింది. వాటిలో ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు కూడా ఉన్నాయి. ట్యాంకు గోడకి తుప్పు లేదు గానీ, దానికి బిగించిన ఇనప సామాను మాత్రం తప్పించుకోలేదు.

దీన్నిబట్టి నాకు తోచేది ఒకటే. రెండో పైపు లీకుని ఆపదు, లీకుని మనకు చూపిస్తుంది. చూసే మనిషి ఉంటేనే దానికి విలువ. సంపులో వాననీళ్ళు నిలిచి అలారం మాటిమాటికీ మోగుతోందని దాని నోరు నొక్కేస్తే, రెండంచెల పైపు ఒక్క పైపుతో సమానం.

స్టేషను కొనబోయే మనవాళ్ళు అమ్మకం లెక్కలు అడిగినంత శ్రద్ధగా ట్యాంకుల వయసు, పైపుల రకం, పరీక్షల కాగితాలు కూడా అడగాలి. భూమి కింద ఉన్న పాత లీకు కూడా స్థలంతోపాటే చేతికి రావచ్చు. ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు కూడబెట్టింది అందులో కరిగిపోవచ్చు. పర్యావరణ పరిశీలన చేయించకుండా, లాయరు చూడకుండా సంతకం పెట్టకండి. స్టేషను లేనివారు, ఇంట్లో బావి నీళ్ళు వాడుతుంటే ఆ నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోండి.