గట్టిమేళం, పారువేట, కార్నెగీ హాలు: ప్రత్యక్ష రికార్డింగు దేనికి సాక్ష్యం?

కనుమ నాడు అహోబిలంలో మొదలయ్యే పారువేట సుమారు నలభై రోజులు సాగుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, బ్రహ్మోత్సవాలకు జనాన్ని పిలిచి వస్తారు. వెంట మేళం ఉంటుంది. ఇటు నంద్యాల కల్యాణ మండపాల్లో ముహూర్తం వేళ అదే సన్నాయి, అదే డోలు. ఈ వాద్యాన్ని ఇవాళ సెల్‌ఫోన్లు విరివిగా పట్టుకుంటున్నాయి. రేపు మన ప్రాంతపు మేళం గురించి రాసేవాళ్ళకు ఇవే ఆధారాలవుతాయి. అయితే వీటి నుంచి ఏ మాట నమ్మకంగా చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. నలుగురైదుగురు కలిసి జనం మధ్య వాయించిన సంగీతం విషయంలో ఈ చిక్కును జాజ్ పరిశోధకులు మనకన్నా ముందే ఎదుర్కొన్నారు.

అందరికీ తెలిసిన ఉదాహరణ 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో జరిగిన బెన్నీ గుడ్‌మన్ కచేరీ. పెద్ద బ్యాండు మధ్యలో ఆగి, చిన్న బృందానికి చోటిచ్చింది: గుడ్‌మన్ క్లారినెట్, టెడ్డీ విల్సన్ పియానో, జీన్ క్రూపా డ్రమ్స్. కొన్ని పాటలకు లయొనెల్ హాంప్టన్ వైబ్రాఫోన్‌తో కలిశాడు. బేస్ వాద్యం లేదు. ఆ లోటును విల్సన్ ఎడమ చెయ్యి పూడ్చింది. వాద్యాలు తక్కువ కాబట్టి ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో చెవికి స్పష్టంగా అందుతుంది. ప్రత్యక్ష రికార్డింగులో చిన్న బృందానికున్న బలం ఇదే.

ఆ రాత్రి రికార్డు చేసింది అమ్మకానికి కాదు. అసిటేట్ పళ్ళేలు చాలాకాలం మరుగున పడి, 1950లో కొలంబియా కంపెనీ ద్వారా రెండు ఎల్పీల సెట్టుగా బయటికొచ్చాయి. అప్పుడు రెండు పాటలు వదిలేశారు. ఆ కచేరీలోని జామ్ సెషన్‌లో కొన్ని సోలోలు కోసేశారు. పూర్తి రూపం 1999 విడుదలలోనే దొరికింది. అంటే దాదాపు యాభై ఏళ్ళు ఆ జామ్ సెషన్ తీరు మీద ఎల్పీని నమ్ముకుని రాసినవాళ్ళంతా కత్తిరించిన ప్రతి మీదే తీర్పు చెప్పారు. మన పెళ్ళి వీడియోల స్థితి ఇంకా కష్టం: ఎడిటింగులో మేళం శబ్దం తీసేసి సినిమా పాట అతికించడం మామూలే. పెళ్ళివాళ్ళకు ఇచ్చే ఆల్బమ్ వీడియో కన్నా ఎడిట్ చేయని అసలు ఫుటేజే సంగీత పరిశోధనకు విలువైనది. అది చెరిపేయకుండా దాచమని వీడియోగ్రాఫర్లను నేను మనసారా కోరుతున్నాను.

సరే, కోత పడని రికార్డింగే దొరికిందనుకుందాం. ముహూర్తం వేళ "గట్టిమేళం, గట్టిమేళం" అన్న కేక వినగానే డోళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ క్షణంలో ఫోను తనంతట తాను శబ్దాన్ని అణుస్తుంది. పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్నదాన్ని పెంచే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. దాంతో డోలుతోపాటు సన్నాయి కూడా కిందికి దిగిపోతుంది. డోలు ఆగాక శ్రుతిపెట్టె నాదం మెల్లగా పైకి లేస్తుంది. ఇలాంటి రికార్డింగు విని "ఇక్కడి మేళంలో డోలు సన్నాయిని మింగేస్తుంది" అని రాస్తే అది ఫోను గుణం గురించి రాసినట్టే. ఏ కీర్తన, ఏ రాగం, ఏ తాళం, ఏది ముందు, ఎంతసేపు అన్నవి మాత్రం ఇదే రికార్డింగు నుంచి ధైర్యంగా చెప్పవచ్చు.

లయ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జాజ్‌లోని స్వింగ్ ఊపు ఎక్కడ పుడుతుందో తేల్చడానికి పరిశోధకులు ఫ్రీబెర్గ్, సుండ్‌స్ట్రోమ్ 2002లో జాజ్ రికార్డింగులను కొలిచారు. సోలో వాద్యకారులు దెబ్బ మీద పడాల్సిన స్వరాన్ని డ్రమ్మర్ సింబల్ కన్నా రవ్వంత ఆలస్యంగా వేస్తున్నారని, దెబ్బల నడుమ స్వరాన్ని మాత్రం దానితో కలుపుతున్నారని గమనించారు. ఆ ఆలస్యం పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది. శబ్దం గాలిలో మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఫోను పట్టుకున్న మనిషి డోలు పక్కనే నడుస్తూ, సన్నాయి పది మీటర్ల ముందుంటే 30 మిల్లీసెకన్ల ఆలస్యం వాద్యకారుడి ప్రమేయం లేకుండానే చేరుతుంది. దూరం తెలియనప్పుడు "సన్నాయి వెనక్కి లాగుతుంది" అన్న వాక్యానికి ఆధారం లేదు.

పాత క్యాసెట్ల చిక్కు వేరు. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు నీరసించి టేపు మెల్లగా తిరిగితే, తర్వాత మామూలు వేగంతో వింటున్నప్పుడు శ్రుతి హెచ్చుతుంది. సుమారు 6 శాతం తేడాకు ఒక స్వరస్థానం జరుగుతుంది. స్వరాలన్నీ ఆధార షడ్జంతోపాటే జరుగుతాయి కాబట్టి రాగానికి ఢోకా లేదు. వాయించిన శ్రుతి ఎంత, కాలప్రమాణం ఎంత అన్నవే అనుమానంలో పడతాయి. సన్నాయి విషయానికొస్తే, పొడుగాటి బారి నాదస్వరం శ్రుతి తక్కువ, పొట్టి తిమిరిది ఎక్కువ. క్యాసెట్ శ్రుతి ఒక్కటే చూసి ఏది వాడారో తేల్చడం తొందరపాటు. మైకుసెట్టు కరెంటు గుంయ్‌మనే శబ్దం టేపులో పడి ఉంటే కొంత మేలు. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. టేపులో అది 53 దగ్గర కనిపిస్తే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోయినట్టు లెక్క. ఆ రోజుల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 కన్నా కిందికి జారడమూ ఉండేది గనుక ఈ లెక్కకు కొంత వెసులుబాటు వదలాలి.

పారువేటలో ఒక పద్ధతి అమలు చేయవచ్చని నా ప్రతిపాదన. ఊరి వీధిలో అరుగు మీద మైకును కదలకుండా పెట్టి, శబ్దాన్ని తనంతట తాను హెచ్చించి తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ ఆపేసి, మేళం ఎదురుగా వచ్చి దాటిపోయేదాకా రికార్డు చేయాలి. సన్నాయి ముందు, డోలు వెనక నడుస్తుంటే, మేళం వచ్చేటప్పుడు సన్నాయి మైకుకు దగ్గర, పోయేటప్పుడు దూరం. దూరం వల్ల వచ్చే తేడా రెండు వైపులా ఎదురెదురుగా పడుతుంది. మధ్యలో వరుస మారకుండా, వాయించే తీరు నిలకడగా ఉంటే, రెండు కొలతల సగటులో అది చాలావరకు రద్దవుతుంది. మిగిలేది వాద్యకారులదే. ఊరు, తేదీ, వీధి వెడల్పు, వాద్యాల మధ్య ఎడం, నాదస్వరం బారియా తిమిరియా అన్నవి అక్కడికక్కడే రాసుకోవాలి. రికార్డు చేసే ముందు మేళగాళ్ళ అనుమతి అడగాలి. వాళ్ళు ఒప్పుకుంటే పేర్లు రాసి, ప్రతి ఒకటి వాళ్ళ చేతికివ్వాలి.