దక్షిణ కోసలలో నేల, నీరు, విత్తనం

క్రీ.శ. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ కళింగం నుండి కోసలకు, అక్కడి నుండి ఆంధ్రదేశానికి ప్రయాణించాడు. కోసల భూమి సారవంతమైనదని, ఆచార్య నాగార్జునుడు అక్కడ నివసించాడని ఆయన రాశాడు. పాండువంశీయుల కాలంలో దక్షిణ కోసలకు రాజధానియైన శ్రీపురమే రాయపూర్‌కు తూర్పున మహానది ఒడ్డునున్న నేటి సిర్పూర్. 1950ల మధ్యలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో, మహాశివగుప్త బాలార్జునుని కాలంలో భిక్షువు ఆనందప్రభుడు కట్టించిన విహారం బయల్పడింది.

పురావస్తు పరిశోధకులమైన మన చూపు సాధారణంగా ఇటుక గోడల వద్దనే ఆగిపోతుంది. విహారాన్ని పోషించినది చుట్టూ ఉన్న వరిసీమ. వర్షావాస నియమం కూడ పొలం నుండి పుట్టినదే. వానాకాలంలో తిరిగే భిక్షువులు పచ్చని మొలకలను తొక్కుతున్నారని ప్రజలు ఆక్షేపించగా ఆ నియమం ఏర్పడినట్లు వినయపిటకం చెబుతుంది. కష్టంలోనున్న కర్షకులకు విత్తనమూ ఆహారమూ ఇవ్వవలసినదిగా నాగార్జునుడు రత్నావళిలో రాజుకు ఉపదేశించాడు.

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగుగా విభజిస్తాడు: మెరకనున్న ఎర్రని కంకరనేల భాటా, పసుపు వన్నె తేలికనేల మటాసీ, మధ్యరకం డోర్సా, పల్లపు నల్లరేగడి కన్హార్. తేమ నిలవని మెరకకు స్వల్పకాలిక వంగడం, నీరు నిలిచే పల్లానికి దీర్ఘకాలిక వంగడం ఎంచుకుంటాడు. వరి కోయకముందే తడినేలలో తివరా వంటి పప్పుధాన్యాన్ని చల్లడం ఉతేరా. మన కృష్ణా డెల్టాలో మినుములు చల్లే పద్ధతికి ఇది సోదరి. వెదజల్లిన వరిలో నీరు నిలిచిన తరువాత నాగలి దున్ని, కలుపును అణచి, మొక్కలను పలుచన చేయడం బియాసీ.

ఈ జ్ఞానం సర్వరోగ నివారిణి కాదు. బియాసీకి పొలంలో నీరు నిలవాలి. వాన ఆలస్యమైతే ఆ పని తప్పిపోతుంది, కలుపు పెరుగుతుంది. వానల లయ మారుతున్న ఈ కాలంలో అనుభవజ్ఞానం కూడ పరీక్షకు గురవుతున్నది. అయినా ఒకే వంగడంపై ఆధారపడిన పొలం కంటె, వేరువేరు కాలాలలో పండే వంగడాలున్న గ్రామానికి కరువును తట్టుకొనే అవకాశం అధికం.

ఆ వైవిధ్యం విలువను గుర్తించి డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయపూర్ కేంద్రంగా వేలాది వరి వంగడాలను సేకరించారు. నేడు ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలున్నాయి. 2002లో వాటి విషయమై సింజెంటా సంస్థతో తలపెట్టిన ఒప్పందం ప్రజల నిరసనతో ఆగిపోయింది. ఈ విత్తనం ఎవరిదనే ప్రశ్న ఆనాడు స్పష్టంగా వినిపించింది.

శీతల గిడ్డంగిలో విత్తనం బతుకుతుంది. దానిని ఏ నేలలో, ఏ వానకు చల్లాలో తెలిసిన జ్ఞాపకం అక్కడ బతకదు. అది సాగులోనే నిలుస్తుంది. కనుక విహార స్థలాలను సర్వే చేసేటప్పుడు చుట్టుపక్కల చెరువులను, నేలల పేర్లను, వంగడాలను, వాటి సాగు పద్ధతులను గ్రామవృద్ధుల నుండి నమోదు చేయడం మన విధిలో భాగం కావాలి. ఇటుకలు మరికొన్ని శతాబ్దాలు వేచియుండగలవు. ఆ వృద్ధులు వేచియుండలేరు.